చివరి కొళాయి



ఈ వరుసలో ఇది 17వ భాగం. పోయినసారి శ్మశానానికి దారి లేని వాడల గురించి రాసినా. ఈసారి నీళ్ళ గురించి. కొంచెం పొడుగుంటుంది. ఓపికగా చదవండి, ముఖ్యంగా హాస్టళ్ళలో ఉండి సెలవులకు ఊర్లకు పోయే పిల్లలు.

గండికోటకు మీలో చాలామంది వచ్చే ఉంటారు. ఎర్రరాతి గండి, అంత లోతున పెన్న, అంచు మీద సెల్ఫీలు. కోటలో రాయల చెరువు చూపిస్తారు, కత్తుల కోనేరు చూపిస్తారు. రాజులు యుద్ధం నుంచి వచ్చి కత్తులు కడిగినారని కథ చెప్తారు. ఆ కోటలోకి నీళ్ళు మోసినోళ్ళ కథ మాత్రం ఎవరూ చెప్పరు.

కోటకు ఎగువన గండికోట ఆనకట్ట, దిగువన మైలవరం ఆనకట్ట. గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, గోరుకల్లు, అవుకు దాటి గాలేరు-నగరి కాలువ మీద కృష్ణ నీళ్ళు ఇక్కడికి వస్తాయి. ఆ నీళ్ళ కోసం తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊర్లకు ఊర్లే మునిగిపోయినాయి.

ఆ గండికి కనుచూపు మేరలోనే మా ఊరు. మా ఊరు తాగేది మాత్రం ఇప్పటికీ బోరు నీళ్ళే.

ఒక చిన్న లెక్క చేసినా. జల్ జీవన్ మిషన్ ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు. రెండు వేల జనాభా ఉన్న ఊరికి ఏడాదికి సుమారు 4 కోట్ల లీటర్లు. ఒక్క టీఎంసీ అంటే 2,800 కోట్ల లీటర్లకు పైమాటే. అంటే ఒక్క టీఎంసీతో అట్లాంటి 700 ఊర్లు ఏడాదంతా బతుకుతాయి.

ఇట్లా రాస్తే అందరూ "అవును, సీమకు అన్యాయం" అంటారు. ఆ మాట అనడం సులువు, ఎందుకంటే ఆ అన్యాయం చేసినోడు ఎప్పుడూ దూరంగా ఉంటాడు. ఢిల్లీలోనో, అమరావతిలోనో, ఎగువ రాష్ట్రంలోనో. ఈ రోజు నేను మాట్లాడేది దగ్గరి దూరం గురించి. మా ఊరి ట్యాంకు నుంచి మా మాదిగవాడ చివరి కొళాయి దాకా ఉండే దూరం గురించి. నడిస్తే పది నిమిషాలు.

మా జేజి నీళ్ళను నాలుకతో పరీక్ష చేసేది. ఎండాకాలం పెన్న ఇసుకలో చెలమ తీసి, ఊరిన నీళ్ళు దోసిట్లో పట్టి ఒక గుక్క నోట్లో వేసుకునేది. "ఇవి మంచివి" అంటే మంచివే. కందిబ్యాళ్ళు ఉడికితే తాగే నీళ్ళు, ఉడక్కపోతే గొడ్లకు. సబ్బు నురగ రాకపోతే సౌడు నీళ్ళు. ఇవే ఆమె ప్రయోగశాల. ఊరి బావిలో మాత్రం ఆమెకు పరీక్షలు లేవు. గట్టు కింద బిందె పెట్టుకుని, ఎవరైనా పైనుంచి పోసేదాకా నిలబడేది. పోసినవే నీళ్ళు.

ఇప్పుడు మా ఇంటి ముందర కొళాయి ఉంది. ఎవరూ పైనుంచి పోయరు. ఎవరూ "తాకొద్దు" అనరు. జేజి ఉంటే సంతోషపడేది. కానీ ఈ కొళాయి నీళ్ళలో ఏముందో జేజి నాలుకకు కూడా తెలిసేది కాదు. మలంలోంచి వచ్చే క్రిములకు రుచి లేదు. ఫ్లోరైడ్‌కు, నైట్రేట్‌కు రంగు లేదు, వాసన లేదు. కంటికీ నాలుకకూ దొరకని దాన్ని పట్టుకోవాలంటే పరీక్ష చేయాలి. ఆ పరీక్ష ఎవరు చేస్తారు, ఎక్కడ చేస్తారు, కాగితం ఎవరి చేతిలో ఉంటుంది? నా పేచీ అంతా దీని మీదనే.

రెండేళ్ళ కింద ఎండాకాలంలో మా వాడలో వాంతులు, విరేచనాలు మొదలైనాయి. మొదట పిల్లలకు, తర్వాత ముసలోళ్ళకు. వారంలో ప్రతి వీధిలో ఒకరన్నా ఆసుపత్రి మంచం మీద సెలైన్ ఎక్కించుకున్నోళ్ళే. నీళ్ళు చూసిపోవడానికి ఒక ఉద్యోగి వచ్చినాడు. ట్యాంకు కింద ఉన్న కొళాయిలో నీళ్ళు పట్టుకున్నాడు, పరీక్ష చేసినాడు, బాగున్నాయని రాసుకున్నాడు. వాడలోకి వచ్చి మాకు పాఠం చెప్పినాడు.

"ఏమ్మా, అన్నం తినేముందు చేతులు కడుక్కోవాల. మీరు శుభ్రంగా ఉంటే ఇవన్నీ రావు."

మా అమ్మ అడిగింది. "చేతులు కడుక్కునేది కూడా ఆ నీళ్ళతోనే కదా సార్?"

ఆయన నవ్వి వెళ్ళిపోయినాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది.

మా వదిన ఊరుకోలేదు. జల్ జీవన్ మిషన్‌లో ప్రతి ఊర్లో ఐదుగురు ఆడవాళ్ళకు నీళ్ళ పరీక్ష నేర్పాలని ఉంది. మా ఊర్లో ఆ ఐదుగురిలో మా వదిన పేరు కూడా రాసినారు. ఒకరోజు శిక్షణ ఇచ్చి, ఫోటో దిగి, కిట్టును బీరువాలో పెట్టి తాళం వేసినారు. వదిన పోయి ఆ కిట్టు అడిగింది. రెండు రోజులు తిప్పించుకుని, మూడో రోజు ఇచ్చినారు.

పరీక్ష పెద్ద విద్య ఏమీ కాదు. చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉన్న నీళ్ళు పసుప్పచ్చగా మారుతాయి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ కొళాయి దగ్గర మిగిలి ఉండాలని ప్రమాణం. ట్యాంకులో కాదు, కొళాయి దగ్గర. ట్యాంకు కింద పట్టిన నీళ్ళు పసుపు నీళ్ళ మాదిరి అయినాయి. ఊరి నడివీధిలో పట్టినవి లేత పసుపు. మా వాడ చివరి కొళాయి నీళ్ళు ఎట్లున్నవి అట్లే ఉన్నాయి. ఒక్క చుక్క రంగు రాలేదు.

ఇంకో సీసా ఉంటుంది. నీళ్ళు పోసి మూత బిగించి వెచ్చని చోట పెట్టాలి. మలం తాలూకు క్రిములుంటే ఒకటి రెండు రోజుల్లో నల్లగా మారుతుంది. వదిన రెండు సీసాలు పెట్టింది, ఒకటి ట్యాంకు దగ్గరిది, ఒకటి మా చివరి కొళాయిది. మర్నాడు సాయంత్రానికి మా సీసా బొగ్గు కలిపినట్టు నల్లగా ఉంది. ట్యాంకు సీసా తెల్లగానే ఉంది.

అంటే ఆ ఉద్యోగి అబద్ధం రాయలేదు. ట్యాంకు నీళ్ళు నిజంగానే బాగున్నాయి. ఆ పది నిమిషాల దూరంలోనే అవి పాడైపోతున్నాయి.

ఎట్లా? మీ ఊర్లో కూడా ఒకసారి పైపు వెంట నడిచి చూడండి. మా ఊర్లో మురుగు కాలవ పల్లానికి పారుతుంది. పల్లంలో వాడ ఉంటుంది. పైపూ ఆ పల్లానికే వస్తుంది, చాలా చోట్ల మురుగు కాలవలోంచే వస్తుంది. కరెంటు ఉన్నంతసేపే మోటారు, మోటారు ఆగినాక వాల్వు కట్టేస్తారు. పైపులో నీళ్ళు కిందికి జారిపోతాయి, లోపల ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ బయటి నీళ్ళను లోపలికి గుంజుతుంది. పైపుకు ఎక్కడ పగులుంటే, ఎక్కడ జాయింటు వదులైతే అక్కడ్నుంచి మురుగు లోపలికి పోతుంది. మళ్ళీ నీళ్ళు వదిలినప్పుడు ఆ మురుగంతా తోసుకుంటూ చివరికి వస్తుంది. చివర మేమున్నాం. ట్యాంకులో వేసిన క్లోరిన్ దారిలో ఆ మురుగుతో కొట్లాడి కొట్లాడి మా దాకా వచ్చేసరికి అయిపోతుంది.

వాల్వు తిప్పే మామను వదిన అడిగింది. "ఏం మామా, మా వాల్వు ఇంకో అరగంట ఉంచరాదా?"

"నాదేముందమ్మీ, కరెంటు ఉన్నంతసేపే. ముందర ఊరు నిండాల, తర్వాత మనది" అన్నాడు.

"మనది" అన్నాడు చూడండి. ఆయనా మా వాడ మనిషే. ఇచ్చే కాస్త జీతం కూడా నెలనెలా చేతికి రాదు. ఆయన్ను తిట్టి లాభం లేదు. "ముందర ఊరు నిండాల" అన్నది ఆయన చేసిన నియమం కాదు. బావి గట్టు మీద నుంచి వాల్వు మీదికి దిగిన నియమం అది.

"నీళ్ళకు కులమేంది? అందరికీ ఒకటే ట్యాంకు కదా" అని మీ స్నేహితులు అడుగుతారు. నన్నూ అడిగినారు. నిజమే, పైపుకు మా కులం తెలియదు. కానీ ఊరు కట్టినప్పుడు మిట్ట ఎవరికి, పల్లం ఎవరికి అని నిర్ణయించినోళ్ళకు బాగా తెలుసు. పైపు ఆ పాత నిర్ణయాన్ని పాటిస్తుంది, అంతే. దానికి ఎవరి మీదా ద్వేషం అక్కర్లేదు. 2022 డిసెంబరులో తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా వేంగైవయల్‌లో దళితులు తాగే ట్యాంకులో మలం కనబడింది. కలిపిందెవరన్న దాని మీద పెద్ద వివాదమే నడిచింది. మా ఊర్లో ఎవరూ ట్యాంకు ఎక్కాల్సిన పని లేదు. ఆ పని పైపే రోజూ చేస్తోంది.

ఇక్కడ మన ఉద్యమం గురించి కూడా ఒక మాట చెప్పాలి.

1927 మార్చి 20న బాబాసాహెబ్ మహాడ్‌లో చౌదార్ చెరువు నీళ్ళు తాగినారు. మనకు అది పండుగ రోజు. ఆ తర్వాత సవర్ణులు ఏం చేసినారో గుర్తుందా? చెరువు మైలపడిందని 108 కడవలతో పాలు, పెరుగు, ఆవు పేడ, ఆవు పంచితం కలిపి పోసినారు. తాగే నీళ్ళలో పేడ పోసి శుద్ధి అన్నారు. కులానికి మైల తెలుసు, మురికి తెలియదు. ఈ రెండూ వేరని తెలియని వ్యవస్థ మనకు శుభ్రత నేర్పుతుంది.

1985 జులైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడు. మాదిగలు తాగే చెరువు దగ్గర గొడ్ల బకెట్లు కడిగి, ఆ మురికి తాగే నీళ్ళలో కలుపుతుంటే అడ్డం చెప్పినారు. మున్నంగి సువార్తమ్మ తన బిందె ఎత్తి ఎదురు నిలబడింది. మర్నాడు, జులై 17న, ఆరుగురు మాదిగల్ని చంపినారు. మనం కారంచేడును ఊచకోతగా గుర్తు పెట్టుకున్నాం, పెట్టుకోవాల్సిందే. కానీ అది దేనితో మొదలైందో మరిచిపోతున్నాం. సువార్తమ్మ అడిగింది నీళ్ళు తాకే హక్కు కాదు. ఆ చెరువు మాదిగలదే. ఆమె అడిగింది మేం తాగే నీళ్ళు శుభ్రంగా ఉండాలని. మహాడ్ ప్రశ్నకు కాగితం మీదైనా జవాబు దొరికింది. రాజ్యాంగం 15వ అధికరణలో బావులు, చెరువులు అని రాసి మరీ ఇచ్చినారు. సువార్తమ్మ ప్రశ్న ఇంకా అట్లనే ఉంది.

కారంచేడు పోరాటం వెనుకబలంగా 1989లో అట్రాసిటీ చట్టం వచ్చింది. ఎస్సీ, ఎస్టీలు వాడుకునే నీళ్ళను పాడుచేస్తే నేరమని అందులో ఉంది. 2015 సవరణ తర్వాత అది సెక్షన్ 3(1)(ఎక్స్). మంచి సెక్షనే. కానీ పైపు మీద అట్రాసిటీ కేసు పెట్టలేం కదా. చేయి కనబడే నేరానికి ఆ చట్టం. చేయి కనబడని నేరానికి మనకు కావాల్సింది రుజువు. అంటే పరీక్ష కాగితం.

సరే, పైపు బాగు చేస్తే అయిపోతుందా? అవ్వదు. బోరు సంగతి కూడా చూడాలి.

మా వైపు కింద నాపరాయి, సున్నపురాయి. బెలూం గుహలు చూసినోళ్ళకు తెలుసు, ఈ రాయిలో నీళ్ళు ఎట్లా దారులు చేసుకుంటాయో. మట్టిలోనైతే నీళ్ళు నెమ్మదిగా ఇంకుతూ కొంత శుభ్రమవుతాయి. రాతి పగుళ్ళలో ఆ వడపోత ఉండదు. పైన పోసింది పోసినట్టే బోరులోకి దిగుతుంది. ఇప్పుడు మన కాలనీ స్థలాలు చూడండి. రెండు సెంట్లు, మూడు సెంట్లు. అందులోనే ఇల్లు, అందులోనే మరుగుదొడ్డి గుంత, పక్కనే చేతిపంపు. గుంతల్లోంచి, పేడ దిబ్బల్లోంచి, పొలాల్లో చల్లిన యూరియాలోంచి నైట్రేట్ కిందికి దిగుతుంది. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. దాటిన నీళ్ళతో పాలపొడి కలిపి పడితే, నెలల పసిబిడ్డల రక్తం ఆక్సిజన్ మోయలేదు, ఒళ్ళు నీలమవుతుంది. కాచితే పోతుందనుకుంటారు. కాచితే క్రిములు చస్తాయి, నైట్రేట్ పోదు. నీళ్ళు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఫ్లోరైడ్ కూడా అంతే.

ఫ్లోరైడ్ మనకు కొత్త కాదు. దేశంలోనే మొదటిసారి ఫ్లోరోసిస్‌ను గుర్తించింది మన దగ్గరే, 1937లో, ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో. ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా. ఇక్కడ ఒక మెలిక ఉంది, సైన్సు చదివే పిల్లలు గమనించండి. ప్రమాణం లీటరుకు చెప్తారు. మనిషి ఎన్ని లీటర్లు తాగుతాడో చెప్పరు. ఫ్యాను కింద కూర్చునే మనిషి రెండు లీటర్లు తాగితే, మే నెలలో ఉపాధి పనికి పోయి గుంత తవ్వే మా అమ్మ అంతకు రెండింతలో మూడింతలో తాగుతుంది. నీళ్ళు అవే, అంకె అదే, ఒంట్లోకి పోయేది మాత్రం రెండింతలు, మూడింతలు. దాని మీద డబ్బులున్నోళ్ళు క్యాను కొనుక్కుంటారు. లేనోళ్ళు కొళాయి తాగుతారు. క్యాను నీళ్ళను కూడా ఎవరు పరీక్ష చేస్తున్నారో అడగండి, అది వేరే కథ.

"గండికోట నీళ్ళు పైపులో ఇస్తే అన్నీ తీరిపోతాయి" అనేది ఇంకో ఆశ. ఇవ్వాల్సిందే, నేనూ అడుగుతున్నా. కానీ 2021 ఏప్రిల్‌లో పాణ్యం మండలం గోరుకల్లులో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. పక్కనే అంత పెద్ద జలాశయం. గండికోటకు వచ్చే నీళ్ళకు అదీ ఒక మజిలీ. ఆ ఊర్లోనే తాగునీరు పాడై అతిసారం వచ్చి మనుషులు చనిపోయినారు. జలాశయం పక్కన ఉన్నంత మాత్రాన కొళాయి శుభ్రం కాదు.

కాగితం ఎందుకంటే, మా జిల్లాలోనే వేముల మండలం తుమ్మలపల్లె ఉంది. యురేనియం కార్పొరేషన్ గని, వ్యర్థాల చెరువు. చుట్టుపక్కల ఊర్ల రైతులు బోరు నీళ్ళు పాడైనాయని, పంటలు పోతున్నాయని, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయని ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. 2019లో కాలుష్య నియంత్రణ మండలి ఆ సంస్థకు నోటీసు ఇచ్చింది. సంస్థేమో మా వల్ల కాదు అంటుంది. ఇట్లాంటి తగాదా ఎక్కడొచ్చినా మొదట అడిగే ప్రశ్న ఒకటే: "అంతకు ముందు మీ బోరులో ఎంత ఉండేది?" దానికి జవాబు చెప్పగలిగే కాగితం పేదోడి ఇంట్లో ఉండదు. నిన్నటి అంకె లేనోడు ఈ రోజు నష్టాన్ని నిరూపించలేడు. పరీక్ష కాగితం అంటే ఆరోగ్యం ఒక్కటే కాదు, అది మన భూమి పట్టా లాంటిది.

అందుకే నేను అడిగేది పెద్ద కోరికలు కావు.

ఒకటి, నీళ్ళ పరీక్ష ట్యాంకు దగ్గర కాదు, వాడ చివరి కొళాయి దగ్గర చేయాలి. చివర బాగుంటే ఊరంతా బాగున్నట్టే.

రెండు, ఆ అంకెలు తేదీతో సహా ట్యాంకు గోడ మీద తెలుగులో రాయాలి. క్లోరిన్, ఫ్లోరైడ్, నైట్రేట్, క్రిములు. గ్రామసభలో చదివి వినిపించాలి.

మూడు, కిట్టు బీరువాలో కాదు, ఐదుగురు ఆడవాళ్ళ చేతుల్లో ఉండాలి. ఆ ఐదుగురిలో వాడ నుంచి కనీసం ఇద్దరుండాలి.

నాలుగు, పైపును మురుగు కాలవలోంచి తీయాలి. వారంలో మూడు రోజులైనా వాల్వు ముందర వాడకే తిప్పాలి.

ఐదు, 2002 వాల్టా చట్టం ప్రకారం తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా మోటారు బోరు వేయకూడదు. టేపు పట్టుకుని కొలవాలి.

ఇవేవీ దానం కాదు. శుభ్రమైన నీళ్ళు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే సుభాష్ కుమార్ కేసులో చెప్పింది.

మా ఊరి సంగతి చెప్పి ముగిస్తా. వదిన ఆ నల్ల సీసాను గ్రామసభకు తీసుకుపోయింది. బల్ల మీద పెట్టింది. "ఇది మా కొళాయి నీళ్ళు సార్. మీరు శుభ్రంగా ఉండమన్నారు. మేం ఉన్నాం. ఇవి లేవు" అనింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఊరి వాళ్ళలోనే ఒక పెద్దాయన లేచి "మా వీధిది కూడా చూడమ్మా" అన్నాడు. అదే మేం గెలిచిన క్షణం. పైపు సగం దూరం కాలవ పైకి లేపినారు. మిగతా సగానికి నిధులు లేవంటున్నారు. ఆ మిగతా సగం ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు. గోడ మీద గీతలు కొట్టినారు, పేర్లు రాసినారు, రెండుసార్లు అంకెలు వేసినారు. ఆ తర్వాత గడులు ఖాళీ. వదిన మళ్ళీ తిరుగుతోంది, మేమూ తిరుగుతున్నాం.

సెలవులకు ఇంటికి పోయే పిల్లలారా, ఈసారి ఒక పని చేయండి. మీ ఊరి ట్యాంకు దగ్గర మొదలుపెట్టి మీ వాడ చివరి కొళాయి దాకా పైపు వెంట నడవండి. ఎక్కడ మురుగులో మునిగిందో ఫోటో తీయండి. కిట్టు ఎవరి బీరువాలో ఉందో అడగండి. మీ అవ్వల, జేజిల చేతిలో బిందె ఉండేది. సువార్తమ్మ చేతిలోనూ బిందే ఉండేది. మీ చేతిలో ఆ చిన్న గాజు గొట్టం ఉండాలి.

వచ్చే భాగంలో కాలనీ ఇళ్ళ స్థలాల గురించి రాస్తా. రెండు సెంట్లలో మనిషి ఎట్లా బతకాలన్నారో చూద్దాం.

జై భీమ్.